మేజరు ఫుజివారా మాట

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచిన వార్త నల్లమల దాటి నంద్యాల, ఆళ్లగడ్డలకును, శ్రీశైలమునకు నడచిపోవు యాత్రికుల చెవులకును సోకియే యుండును. కాని ఆ రాజ్యపు సైన్యమునకే చెందిన మేజరు ఫుజివారా ఇవాయిచి, అంతకు ఏడు వారముల పూర్వము, ఫిబ్రవరి 17న, సింగపూరులోని ఫారర్ పార్కునందు బ్రిటిషు పక్షమున పోరాడి ఓడి చేరిన వేలకొలది భారతీయ సైనికులయెదుట నిలిచి, వారిని బందీలుగాక మిత్రులుగా నెంచెదనని పలికి, భారత జాతీయ సైన్యమును కూర్చుచున్న కెప్టెను మోహన్ సింగుచేతికి అప్పగించిన సంగతి మనలో నెందఱెఱుగుదురు? గుప్పెడుమంది అనుచరులతో, ఆయుధముకన్న నెయ్యమునే నమ్మి గూఢచర్యము నెఱపిన ఈ యధికారి చిత్తశుద్ధిని నేను శంకింపను. ఆయనను పంపిన ప్రభువులయందు మాత్రము ఆ శుద్ధి లేదు. కొలది నెలలలోనే ఆయన స్థానమున కర్నలు ఇవాకురో వచ్చెను. ఆ యేడు ముగియకముందే మోహన్ సింగు జపానువారిచేతనే నిర్బంధితుడయ్యెను. ఆసియా విముక్తి నుద్ఘోషించిన ఆ సైన్యమే మలయా తోటలలోని తమిళులను, మన తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గమునకు తరలించి, ఆకలికిని కలరాకును బలియిచ్చెను. ఫుజివారా యన్ననో, 1944లో ఇంఫాలు పరాజయమును చూచి, యుద్ధానంతరము భారత జాతీయ సైన్యాధికారులపై జరిగిన ఎఱ్ఱకోట విచారణకై ఢిల్లీకి రప్పింపబడి, పిమ్మట స్వదేశపు ఆత్మరక్షణ దళమున ఉన్నత పదవి నందెను. వ్యక్తిగా ఆయన మన గౌరవమున కర్హుడే. ఆయన నోట పలికిన సామ్రాజ్యము కాదు.