పల్చటి గుడ్డలో ఉన్న బలం

తమిళనాడులోని తెలుగు రాజుల ఊరు రాజపాళయంలో పి.ఏ.సి. రామసామి రాజా 1936లో నూలు మిల్లు పెట్టారు. ఆ పక్కనే ఉన్న సత్రపట్టి మరమగ్గాల మీద ఆస్పత్రులకు వాడే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. వెలుతురుకు పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేంత పల్చన. దాన్ని బలమైన పదార్థమని ఎవరూ అనరు. అనాలి.

బడి పుస్తకాల్లో బలమంటే వజ్రమే. ప్రతి కార్బన్ పరమాణువూ మరో నాలుగింటితో బిగుసుకుని ఉంటుంది కాబట్టి దాని మీద తేలిగ్గా గీత పడదు. కానీ సరైన తలం వెంబడి దెబ్బ పడితే రెండుగా చీలుతుంది. గీతకు లొంగకపోవడం ఒక గుణం, దెబ్బకు పగలకపోవడం పూర్తిగా వేరే గుణం.

ఇక ఆ పల్చటి గుడ్డను కొద్దిగా కత్తిరించి చింపబోతే ఏమవుతుందో చూడండి. పడుగూ పేకా వదులుగా ఉండటంతో పోగులు పక్కకు జరిగి, చిరుగు మొన దగ్గర గుంపు కడతాయి. ఒంటి పోగు మీద పడాల్సిన లాగుడును కొన్ని కలిసి మోస్తాయి. అదే గుడ్డకు దట్టంగా గంజి పట్టిస్తే గట్టిపడుతుంది. అప్పుడు పోగులు కదల్లేక ఒక్కొక్కటే తెగుతాయి.

పైగా పత్తి నూలు తడిస్తే మరింత బలపడుతుంది, రేయాన్ బలహీనపడుతుంది. నెత్తురూ మందూ తగిలే చోట ఇది చిన్న విషయం కాదు.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం: పదార్థాల పాఠాన్ని వజ్రంతో ముగించకండి. గంజి పెట్టిన ముక్క ఒకటి, పెట్టనిది ఒకటి ఇచ్చి పిల్లల చేతనే చింపించండి.