పిల్లకు చదవడం రాదా, మనకు వినడం రాదా?

మొన్నటి శిక్షణలో మళ్లీ అదే మాట విన్నాను. "తాండా పిల్లలు చదవడంలో వెనకబడి ఉన్నారు. ఈ పద్ధతులు వాడండి, ముందుకొస్తారు." బొమ్మ చూపి మాట్లాడించడం, కథ బిగ్గరగా చదివి వినిపించడం, తర్వాత ఏం జరుగుతుందో ఊహించమనడం, జంటలుగా చదివించడం. అన్నీ మంచి పద్ధతులే. ఒక్కదాన్నీ కాదనను. లేచి ఒక్క ప్రశ్న అడిగాను: "సార్, బొమ్మ చూపి మాట్లాడించమన్నారు. ఏ భాషలో?"

హాలులో కొందరు నవ్వారు. "తెలుగులోనే కదా మేడం" అన్నారాయన.

ఆ నవ్వుకు నా జవాబు ఇది.

ఒకటో తరగతికి వచ్చే సుగాలి పిల్లకు అమ్మ అంటే యాడి. నీళ్లు పాణి. రొట్టె బాటి. ఒకరోజు నల్లబల్ల మీద తెలుగు అక్షరాల్లో 'పాణి' అని రాశాను. చదవడం రాదని అందరూ తేల్చేసిన పిల్ల కూడబలుక్కుని చదివింది. చదివి, మూలన ఉన్న నీళ్ల బిందె వైపు వేలు చూపింది. దాని కింద 'నీరు' అని రాశాను. అదీ తప్పు లేకుండా చదివింది. చదివి నా ముఖం చూస్తూ నిలబడింది.

అక్షరాలు వచ్చాయి. అర్థం రాలేదు. ఇది పిల్ల లోపమా?

చదవడమంటే రెండు పనులు. అక్షరాలు కలిపి పలకడం ఒకటి, పలికిన మాటను పోల్చుకోవడం రెండోది. తెలుగింటి పిల్లకు రెండో పనిలో సగం ఇంట్లోనే అయిపోతుంది. అయినా మన సీమలో ఆ పిల్లకూ తిప్పలే. ఇంట్లో సెనక్కాయ, పుస్తకంలో వేరుశనగ. విత్తనం వేసేనాటి నుంచి కాయ వలిచేదాకా అన్నీ తెలిసిన పిల్ల ఆ మాట దగ్గర తడబడుతుంది. తాండా పిల్ల రెండు గట్లు ఎక్కాలి: గోర్‌బోలి నుంచి ఊరి తెలుగుకు, ఊరి తెలుగు నుంచి పుస్తకం తెలుగుకు. ఇప్పుడు ఇంగ్లీషు మూడో గట్టు.

చట్టాలు లేవా? ఉన్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. అందులో బంజారా భాషా ఉంది. కానీ అది ఎంపిక చేసిన కొన్ని బడులకే. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ పుస్తకం ఒక్కటీ నా బడి గడప తొక్కలేదు. 2021లో నిపుణ్ భారత్ వచ్చింది. మూడో తరగతి ముగిసేలోగా పిల్ల నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలంది. తరగతి గదికి వచ్చేసరికి 60 మిగిలింది, అర్థం జారిపోయింది.

వానలు మొహం చాటేస్తే పంట పోతుంది. తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో మూట కడతారు. పిల్లా వెంట పోతుంది. తిరిగొచ్చేటప్పుడు నాలుగు కన్నడ మాటలు తెచ్చుకుంటుంది. మూడు భాషలు విని బతికొచ్చిన పిల్లకు మన రిజిస్టరులో పడేది గైర్హాజరు, పరీక్షలో పడేది సున్నా.

"లంబాడీ పట్టుకుని కూర్చుంటే ఉద్యోగాలొస్తాయా?" అని అడిగేది అధికారులే కాదు, మన తాండా పెద్దలూ అడుగుతారు. వాళ్ల భయం నాకు తెలుసు. తెలుగు వద్దనడం లేదు, ఇంగ్లీషూ వద్దనడం లేదు. అక్షరం వెనక అర్థం ఉంటుందని పిల్లకు మొదట తెలిసిన భాషలోనే తెలియాలి. ఒకసారి తెలిస్తే ఆ ఎరుకను రెండో భాషకూ తీసుకుపోతుంది. అది తెలియకుండా ఎన్ని పేజీలు చదివించినా చిలక పలుకులే.

తప్పు ఒప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, తాండాలో పుట్టిన నేనే "తెలుగులో మాట్లాడు" అని పిల్లల్ని గద్దించాను. నా టీచర్లు నన్ను గద్దించినట్టే. శిక్షణలో ఎవరూ అది తప్పని చెప్పలేదు. తప్పని నాకు నేర్పింది ఆ బిందె వైపు చూపిన వేలు.

కాబట్టి శిక్షణ ఇచ్చేవాళ్లను అడుగుదాం. మొదటి రోజు మొదటి గంట, మీ తరగతిలో పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో టీచర్ల చేత రాయించండి. గోర్‌బోలి వచ్చిన టీచర్లను వెనక బెంచీలో కాదు, శిక్షకులుగా ముందు నిలబెట్టండి. భాష రాని టీచరుకు తరగతిలో పనికొచ్చే రెండు వందల మాటలైనా నేర్పండి. పిల్లకు అర్థమైందో లేదో దాని మాటలో చెప్పనిచ్చి, అప్పుడు మార్కు వేయండి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకూ పని ఉంది. మీ అవ్వ చెప్పే కథను తెలుగు లిపిలో, మన మాటల్లో, పేజీకి రెండు వాక్యాల చొప్పున రాసి దగ్గరలోని బడికివ్వండి. లిపి లేదనే సాకు ఇక చాలు.

సేవాలాల్ మహారాజ్ పుట్టిన చోటని మనం కొలిచే సేవాగఢ్ గుత్తి దగ్గరే ఉంది. ఫిబ్రవరిలో అక్కడికి పాడుకుంటూ నడిచిపోయే భాష జూన్‌లో బడి గడప దగ్గర ఎందుకు ఆగిపోవాలి? ఆ గడప దగ్గర నిలబడి ఉన్నది మనమే. పక్కకు తప్పుకుందాం, లోపలికి రానిద్దాం.