దద్దుర్లు లేని దురదా... జాగ్రత్త!

గుడివాడలో కాపురం. సీమంతం ముచ్చట తీరాక తొలి కాన్పుకు దివిసీమలోని పుట్టింటికి ప్రయాణం. కోడూరు, నాగాయలంక వైపు ఎన్నో ఇళ్లలో జరిగేదే. సరిగ్గా ఆ నెలల్లోనే కొందరికి దురద మొదలవుతుంది. 'వేడి చేసిందే తల్లీ' అంటూ అమ్మమ్మ కొబ్బరినూనె రాస్తుంది, మజ్జిగ తాగిస్తుంది. చాలాసార్లు ఆవిడ మాటే నిజం. బందరు ఉక్కపోతకు చెమటకాయలు రానిదెవరికి? ఎండాకాలంలో పట్టుచీర కట్టి గంటలకొద్దీ పీటల మీద కూర్చోబెడితే ఒళ్లు పేలక ఏం చేస్తుంది! వదులైన నూలు బట్టలు, రెండుపూటలా స్నానం చాలు.

బుగ్గల మీద మంగు, బొడ్డు కింద నల్లగీత హార్మోన్ల పనే. కాన్పయ్యాక చాలామందికి తగ్గుతాయి. ఈలోగా ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి వెళ్లొద్దు, కొన్నిటిలో స్టిరాయిడ్లుంటాయి. చివరి నెలల్లో పొట్ట చారల మీద ఎర్రటి దద్దుర్లు లేచినా బిడ్డకేం కాదు. అయితే బొడ్డు దగ్గర మొదలై నీటి పొక్కులుగా మారితే చర్మవైద్యులకు చూపించాలి.

అసలు కంగారు పడాల్సింది దద్దుర్లు లేని దురదకు. అరచేతులు, అరికాళ్లు... రాత్రయితే మరీను. ఒంటిమీద గోళ్ల గీరలు తప్ప ఏమీ కనపడదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఇది చర్మం జబ్బు కాదు, కాలేయానిది. పైత్యరసం సరిగా పారక అందులోని ఆమ్లాలు రక్తంలో చేరతాయి. అవి లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది. అలాంటప్పుడు డాక్టర్లు 35, 36 వారాలకే కాన్పు చేద్దామంటారు. స్కానింగ్ బాగుంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు, ఈ ముప్పు అందులో తెలియదు. తేల్చేది బైల్ ఆసిడ్స్, కాలేయ రక్తపరీక్షలే. మొదటిసారి మామూలుగా వచ్చినా, దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి.

పుట్టింటికొస్తే డాక్టరూ మారతారు. పాత ఫైలు వెంట తెచ్చుకుని అవనిగడ్డ ఏరియా ఆసుపత్రిలోనో, 2023లో వైద్యకళాశాల వచ్చిన బందరులోనో చూపించుకోవచ్చు. దురద రాత్రిపూట ఎక్కువవుతోందని విడిగా చెప్పాలి.

కాన్పయ్యాక కొద్ది వారాల్లో ఇది పోతుంది. మలి కాన్పులో తిరిగి రావచ్చు. అమ్మకో అక్కకో వచ్చి ఉంటే ఆ మాటా డాక్టరు చెవిన వేయాలి. అమ్మమ్మనడిగితే గుర్తుచేసుకుని చెబుతుంది.