నేల విడిచిన సాము

స్పెయిన్ దేశపు తూర్పు తీరానికి చేరువలో విల్లారియల్ అనే చిన్న పట్టణమున్నది. జనాభా సుమారు యాభై వేలు. టైల్స్ పరిశ్రమకు పేరు పొందిన ఆ ఊరిలోని ఫుట్‌బాల్ మైదానంలో దాదాపు ఇరవైమూడు వేల మందికి చోటున్నది. అంటే ఊరిలో సగానికి కాస్త తక్కువ మంది ఒకేసారి వచ్చి కూర్చోవచ్చును. బార్సిలోనా వంటి మహాజట్టు తమ గడపలోకి వచ్చి ఆడటం ఆ ఊరివారికి ఏడాదికొకసారి వచ్చే తిరునాళ్ళ వంటిది. 2025 డిసెంబరులో జరుగవలసిన ఆ తిరునాళ్ళను అట్లాంటిక్ మహాసముద్రం దాటించి, అమెరికాలోని మయామి నగరంలో జరిపించాలని స్పానిష్ లీగు అధిపతులు తలపెట్టారు. మయామికి వస్తామన్నవారిని ఉచితంగా తీసుకువెళతామనీ, రాలేనివారికి సీజన్ టిక్కెట్టులో తగ్గింపు ఇస్తామనీ క్లబ్బు యాజమాన్యం ప్రకటించింది. ఊరి ఉత్సవానికి నష్టపరిహారం లెక్కగట్టారన్నమాట.

స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఇందుకు అంగీకరించింది. యూరప్ సమాఖ్య యుఎఫా 2025 అక్టోబరు 6న సమ్మతి తెలిపింది. అయితే ఇది తమకు ఇష్టం లేని పని అనీ, ఫిఫా నిబంధనలలో స్పష్టత లేనందువల్లనే ఒప్పుకోవలసి వచ్చిందనీ అదే ప్రకటనలో చెప్పుకున్నది. కాదనవలసినవారు కాదనలేక ఔనన్న చోట, ఆ మాట అనే భారం ఆటగాళ్ళమీద పడింది. అక్టోబరు మూడవ వారంలో స్పానిష్ లీగులోని ఆటగాళ్ళు మ్యాచి ఆరంభం కాగానే పదిహేను సెకన్లపాటు కదలక మెదలక నిలబడి నిరసన తెలిపారు. ఆ పదిహేను సెకన్లూ టెలివిజన్ కెమెరాలు ఆటగాళ్ళను విడిచి మైదానం బయటి దృశ్యాలను చూపించాయి. అక్టోబరు 21న మయామి నిర్వాహకులు తమ ప్రయత్నాన్ని విరమించుకున్నారు.

ఇటలీ కథ కూడా ఇదే దారిన నడిచింది. 2026 ఫిబ్రవరిలో మిలాన్, కోమో జట్ల మధ్య లీగు మ్యాచిని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో జరపాలని నిర్ణయించారు. శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం వల్ల మిలాన్ మైదానం ఖాళీ లేదన్నది వారు చెప్పిన కారణం. కోమో నుంచి మిలాన్‌కు రైలులో గంట ప్రయాణం కూడా లేదు. ఇరుగు పొరుగు జట్లు ఒకరితో ఒకరు ఆడటానికి పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలట! ఇది పిచ్చి పని అని మిలాన్ ఆటగాడు రాబియో అంటే, లక్షల యూరోలు పుచ్చుకునేవాడు ఆ డబ్బుకు మర్యాద ఇవ్వాలని లీగు అధికారి జవాబిచ్చారు. కూలి ఇచ్చేవాడిదే మాట అని ఇంతకన్న సూటిగా చెప్పడం కష్టం. 2025 డిసెంబరులో ఆ ప్రయత్నమూ వీగిపోయింది.

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టింది కాదు. 2008లో ఇంగ్లండు ప్రీమియర్ లీగు పెద్దలు ముప్పైఎనిమిది మ్యాచిలకు తోడు ముప్పైతొమ్మిదవది ఒకటి కల్పించి, దానిని విదేశాలలో ఆడిస్తామన్నారు. ప్రేక్షకులు తిరగబడ్డారు, ప్రతిపాదన అటకెక్కింది. 2018లో స్పానిష్ లీగు జిరోనా, బార్సిలోనా జట్ల మ్యాచిని మయామికి తీసుకువెళ్ళబోయింది. ఫిఫా అభ్యంతరం చెప్పింది, బార్సిలోనా వెనుకకు తగ్గింది. ఏడేళ్ళకు మళ్ళీ అదే నగరం, అదే బార్సిలోనా. కనుక 2025లో జరిగింది ఓటమే కాని విరమణ కాదని నా అభిప్రాయం.

వారి వాదనను కూడా న్యాయంగా వినవలసి ఉన్నది. టెలివిజన్ పుణ్యమా అని బార్సిలోనా అభిమానులు ఇవాళ స్పెయిన్‌లోకన్న వెలుపలే ఎక్కువ. కలకత్తా, కోజికోడ్ వీధులలో కూడా ఆ చొక్కాలు కనిపిస్తాయి. దూరాన ఉన్న అభిమాని కూడా అభిమానియే. అతని ముచ్చట తీర్చడం తప్పా అని వారడుగుతున్నారు. ఇంగ్లండు లీగు ఆదాయంతో పోటీ పడాలంటే తమకు కొత్త అంగళ్ళు కావాలని కూడా అంటున్నారు.

ముచ్చట తీర్చడం తప్పు కాదు. అందుకు స్నేహపూర్వక మ్యాచిలున్నాయి. స్పెయిన్, ఇటలీ తమ సూపర్ కప్ పోటీలను విదేశాలలో ఆడించడం కూడా చూస్తూనే ఉన్నాము. కాని లీగు మ్యాచి సంగతి వేరు. లీగు అంటేనే ఒక ఒడంబడిక: నీవొకసారి నా ఊరికి వచ్చి ఆడు, నేనొకసారి నీ ఊరికి వచ్చి ఆడుతాను. అందరికీ లెక్క సమానం. విల్లారియల్ తన సొంత మైదానంలో ఎదుర్కోవలసిన బార్సిలోనాను పరాయి మైదానంలో ఎదుర్కొంటే ఆ లెక్క తప్పుతుంది. రియల్ మాడ్రిడ్ అభ్యంతరం కూడా ఇదే. ఆ మాట అన్నది బార్సిలోనా ప్రత్యర్థి కావచ్చును. అంతమాత్రాన మాటలోని న్యాయం తగ్గదు.

యూరప్‌వారి తగవు మనకెందుకని పాఠకులు అడుగవచ్చును. మన ఉపఖండానికి ఈ విషయంలో వారికన్న చేదు అనుభవమున్నది. 2009 మార్చిలో లాహోరులో శ్రీలంక క్రికెట్ జట్టుపై ఉగ్రవాదులు దాడి చేసిన తరువాత పాకిస్తాన్‌కు విదేశీ జట్లు రావడం మానివేశాయి. 2016లో వారు ప్రారంభించిన సూపర్ లీగు మొదటి పోటీ మొత్తం గల్ఫ్ ఎడారి మైదానాలలో జరిగింది. మరుసటి సంవత్సరం ఒక్క ఫైనల్‌ను లాహోరుకు తేగలిగారు. పోటీ మొత్తం స్వదేశానికి చేరడానికి 2020 వరకు పట్టింది. అఫ్ఘనిస్తాన్ క్రికెట్ జట్టు మన డెహ్రాడూన్, లక్నోలను తన ఇల్లుగా చేసుకోవలసి వచ్చింది. ఒకరికి విధి విధించిన ప్రవాసాన్ని మరొకరు లాభసాటి బేరంగా కొనితెచ్చుకోబోవడం వింతగా లేదా?

మన అనుభవమూ తక్కువది కాదు. 2009లో సార్వత్రిక ఎన్నికలూ ఐపీఎల్ క్రికెట్ పోటీలూ ఒకే కాలంలో వచ్చాయి. రెంటికీ కేంద్ర బలగాలను సమకూర్చడం కష్టమన్నది నాటి హోంశాఖ వైఖరి. తేదీలు మార్చుకొని ఆగడానికి ఇష్టపడని క్రికెట్ బోర్డు పోటీని దక్షిణాఫ్రికాకు తరలించింది. ప్రతిపక్షాలు దీనిని దేశానికి అవమానమని దుయ్యబట్టాయి. 2014 ఎన్నికల సమయంలో కొన్ని మ్యాచిలు, 2020లో కోవిడ్ వల్ల మొత్తం పోటీ గల్ఫ్‌కు వెళ్ళాయి. ఎన్నికలు, మహమ్మారి వంటి కారణాలను కాదనలేము. కాని 2023లో దుబాయిలోను, 2024లో జెద్దాలోను, 2025లో అబూధాబిలోను ఆటగాళ్ళ వేలం జరిగింది. ఇందుకు ఎన్నికలూ అడ్డు రాలేదు, మహమ్మారీ లేదు. వేలం వెళ్ళిన దారిన రేపు ఆట వెళ్ళదని ఎవరు పూచీ ఇవ్వగలరు?

తెలుగువారికి ఈ ప్రశ్న మరీ దగ్గరది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో దక్కన్ చార్జర్స్ ఐపీఎల్ విజేత అయింది. హైదరాబాదు పేరు మోసిన జట్టు గెలుపును హైదరాబాదు టెలివిజన్‌లో చూసింది. 2012లో ఆ జట్టే రద్దయింది. ఫుట్‌బాల్‌లోనూ ఇదే జరిగింది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగు ట్రోఫీ గెలిచింది. కోవిడ్ కారణంగా ఆ ఏడాది లీగు మొత్తం గోవాలోనే నడిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నది. అసలు ఆ క్లబ్బు 2019లో హైదరాబాదుకు వచ్చిందే పుణె క్లబ్బు స్థానంలో. ఈ జట్లు పోవడానికి కారణాలు ఆర్థికమైనవి. పరాయి నేలమీద ఆడినందువల్లనే పోయాయని నేననను. కాని ఊరితో పని లేకుండా ఆడగలిగిన జట్టు, ఊరితో చెప్పకుండా పోగలదు. ఇప్పుడు ఆ జట్టు నేనుంటున్న ఢిల్లీ నగరానిదట. పొరుగూరి పంట మన గాదెలో పడిందని సంతోషించడానికి నాకు మనసొప్పడం లేదు.

ఒకప్పటి సంగతి గుర్తు చేయడం అప్రస్తుతం కాదనుకుంటాను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందింది. అది వేలంలో కొన్న జట్టు కాదు. ఆ నగరపు గల్లీలలో, మైదానాలలో పెరిగిన జట్టు. దేశాన్ని జయించడానికి ముందు దానికి ఒక ఊరున్నది.

విల్లారియల్ అభిమానికీ మన అభిమానికీ తేడా ఇక్కడే ఉన్నది. స్పెయిన్‌లో అభిమానులు, ఆటగాళ్ళ సంఘం, పోటీ క్లబ్బులు గొంతెత్తితే వినక తప్పలేదు. మన ఫ్రాంచైజీ పద్ధతిలో జట్టు యజమాని సొత్తు, ప్రేక్షకుడు ఖాతాదారు మాత్రమే. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. క్రీడా బోర్డు, ట్రిబ్యునల్, పాలక సంఘాలలో క్రీడాకారులకు స్థానం వంటి ఏర్పాట్లు అందులో ఉన్నాయి. ఇవి మంచివే. కాని టిక్కెట్టు కొని ఎండలో కూర్చునే మనిషికి అందులో ప్రాతినిధ్యం కానరాదు. స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టినది, బందోబస్తు ప్రభుత్వ పోలీసులది. మాట మాత్రం యజమానిది.

ఇందుకు పెద్ద శాసనమేమీ అక్కరలేదు. భద్రత, ఎన్నికలు, ప్రకృతి వైపరీత్యం వంటి కారణాలకు తప్ప లీగు మ్యాచిని సొంత ఊరు దాటించరాదనీ, దాటిస్తే ఎంతకాలమో, ఎందుకో బహిరంగంగా ప్రకటించాలనీ, క్లబ్బునే తరలించే ముందు ఆ నగరపు అభిమానుల మాట వినాలనీ కేంద్రం నియమం చేయవచ్చును. మన లీగులలో ఏదైనా విదేశీ నగరంతో బేరం కుదుర్చుకొన్న తరువాత అభ్యంతరం చెప్పబోతే ఒప్పందాలు, పరిహారాలు అడ్డు వస్తాయి. నియమం చేయవలసింది ఆ బేరానికి ముందే.