మా ఊళ్ళో బేస్‌మెంట్ అంటే మట్టి

మా చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపిస్తూ మెట్లు దిగి కిందికి వెళ్ళింది. "అక్కా, బేస్‌మెంట్ ఇన్నాళ్ళూ ఊరికే పడి ఉంది కదా, పిల్లలకి ఆట గది చేసేశాం" అంది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు తలెత్తి, "బేస్‌మెంట్‌లో పిల్లలు ఆడుకోడం ఏంటే, మట్టి పోయించలేదా?" అన్నారు.

నవ్వుకున్నాం గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మన వైపు బేస్‌మెంట్ అంటే పునాది మీద గోడ లేపి, లోపల బుసకా మట్టీ పోసి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టే భాగం. గవర్నమెంటు ఇళ్ళ బిల్లులు కూడా బేస్‌మెంట్ లెవెల్‌కి ఇంత, రూఫ్ లెవెల్‌కి ఇంత అనే కదా పడతాయి. వాళ్ళ దేశంలో చలికి నేల గడ్డకడుతుంది కాబట్టి ఆ లోతు దాటి పునాది తియ్యాలిట. ఎలాగూ తవ్వాం కదా అని ఇంకాస్త తవ్వి గది చేసుకుంటారు. మా గణపవరంలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే ఊట వచ్చేస్తుంది. ఇక్కడ నేల కింద గది కట్టడం అంటే డబ్బిచ్చి నుయ్యి తవ్వించుకోవడమే.

కానీ ఫోన్ పెట్టేశాక నా మనసు మా కింద వాటా మీదకి పోయింది. మీలో చాలామందికి ఇలాంటిది ఉండే ఉంటుంది. నీళ్ళ భయానికి పిల్లర్లు వేసి ఇల్లు పైన కట్టుకుంటాం. కింద చుట్టూ ఇటుక గోడ పెట్టి, తర్వాత చూద్దాంలే అని వదిలేస్తాం. ఆ తర్వాత రాదు. మాది పన్నెండేళ్ళు అలాగే ఉండిపోయింది. 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడుగు. రెండు గోడలకి ప్లాస్టరింగ్ ఉంది, రెండింటికి లేదు. నేల మట్టే. అందులో తవుడు బస్తాలు, చేపల మేత చెక్క, చెరువు మందుల డబ్బాలు, మావయ్యగారి నవారు మంచం, నా పెళ్ళినాటి గుండిగలు, లెక్కలేనన్ని ఎలకలు.

దాన్ని ఆట గది చేద్దామంటే మా ఆయన నన్ను వింతగా చూశారు. అప్పటికే మాకు తెలిసిన వ్యాపారి ఒకాయన గోనెసంచులు పెట్టుకోడానికి నెలకి నాలుగు వేలు ఇస్తానన్నాడు. ఏడాదికి 48 వేలు. చిన్నదేం కాదు, చేపల రేటు పడిపోయిన ఏడాది అయితే అసలే కాదు. "పిల్లలకి ఆటకి గదేంటే, వీధి లేదా?" అన్నారు.

వీధి ఉంది. ఎవరికి ఉంది అన్నదే నా గొడవ.

మా పెద్దది నిరుడు వరకూ వీధిలో షటిల్ ఆడేది. సైకిలేసుకుని కాలవ గట్టు మీద వంతెన దాకా పోయి వచ్చేది. ఓణీల ఫంక్షన్ చేశాం. మర్నాటి నుంచి ఎవరూ ఏమీ అనలేదు, అనక్కర్లేకుండానే సైకిలు గోడకి చేరింది. స్కూలు నుంచి వస్తే గది, గదిలో మంచం, మంచం మీద ఫోను. తొమ్మిదేళ్ళ చిన్నాడు మాత్రం చీకటి పడేదాకా ఊరంతా వాడిదే. వాడి భయం వాడిది. మనది చెరువుల ఊరు, చుట్టూ కాలవలు. సెలవుల్లో ఈతకి దిగి పిల్లలు పోయారన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి రాని ఏడాది లేదు. ఒకరికి అసలు బయట లేదు, ఇంకొకరికి బయట తప్ప లేదు. ఇద్దరూ కలిసి ఆడుకుని ఆర్నెల్లయింది.

మన ఇళ్ళల్లో దేవుడికి గది ఉంటుంది. ఏడాదికి నాలుగుసార్లొచ్చే చుట్టాలకి ఏసీతో సహా గది ఉంటుంది. బస్తాలకి గది ఉంటుంది. ఆటకి చోటు అనగానే దుబారా అంటారు. ఇది నాకు మింగుడు పడలేదు. నాలుగు వేల అద్దె నాకూ లెక్కే. కానీ ఆ ఏడాది 48 వేలతో మా అమ్మాయి పదమూడో ఏడు తిరిగి కొనలేం అన్నాను. ఆయన మాట్లాడలేదు. మాట్లాడలేదంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టు. మిగతా సగం, నా చీటీ డబ్బులు 50 వేలు నేను పెడతాననేసరికి ఒప్పుకున్నారు.

ఇక పని సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే యూట్యూబ్‌లో చూపించేవన్నీ పొడి ఊళ్ళ ముచ్చట్లు. మనది చెమ్మ ఊరు.

మొదట సామాను. మేత బస్తాలూ మందులూ చెరువు దగ్గర మకాంకి పంపేశాం. బ్లీచింగు, పురుగుమందు పెట్టిన మూలల్లో పైమట్టి అరడుగు ఎత్తి బయట పారబోయించాను. పిల్లలు కూర్చునే చోటు, అందులో బేరం వద్దు. తర్వాత నేల. నేల నుంచి చెమ్మ పైకి ఎక్కకుండా ఇటుక ముక్కలూ ఇసకా వేశాక, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, ఆ పైన కాంక్రీటు వెయ్యాలి. మేస్త్రి షీటు విడిగా కొనాలన్నాడు. మా ఆయన రొయ్యల చెరువు అడుగున పరిచే షీటులో మిగిలిన ముక్క తెప్పించారు. దానికి పైసా ఖర్చు లేదు. పైన టైల్సు కాకుండా నాపరాళ్ళు వేయించాను. నీళ్ళొచ్చినా కడిగేసుకోవచ్చు, గుమ్మం వైపు కాస్త వాలు పెట్టించాను. నేలకి మొత్తం 19 వేలు. ఖర్చంతా అక్కడే పెట్టండి, గోడల మీద కాదు.

గోడల దగ్గర నేనూ బుద్ధి తక్కువ పని చేశాను. ప్లాస్టరింగ్ లేని రెండు గోడలకీ సిమెంటులో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి చేయించాం, 11,500 అయింది. అంతవరకూ బాగుంది. పాత రెండు గోడలూ ఉప్పు పెచ్చులు లేచి అసహ్యంగా ఉన్నాయని, ఆన్‌లైన్‌లో అంటించుకునే ఫోమ్ షీట్లు తెప్పించాను, ఇటుకల డిజైనువి, 2,600 పెట్టి. మూడు వారాలు ముచ్చటగా ఉన్నాయి. నాలుగో వారం ముక్కవాసన. ఒక మూల లాగి చూస్తే వెనకంతా నల్లగా బూజు. గోడ లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసేశానన్నమాట. అన్నీ పీకి పారేసి, పెచ్చులు గీకించి, సున్నం వేయించాను. సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఏటా వెయ్యాలి, నిజమే. కానీ మా అమ్మమ్మ వాళ్ళు ప్రతి సంక్రాంతికీ ఎందుకు వేసేవారో నాకు నలభై దాటాక అర్థమైంది. సున్నానికి 1,900. దానితోపాటే తవుడు వాసన కూడా పోయింది.

కరెంటు 7,800. స్విచ్చి బోర్డులన్నీ నేల నుంచి అయిదడుగుల ఎత్తులో పెట్టించాను. ఎలక్ట్రీషియన్ అబ్బాయి "అంత పైనా పిన్నిగారూ!" అని నవ్వాడు. నవ్వనీ. కింద గదికి విడిగా ఆర్‌సీసీబీ పెట్టించాను. కరెంటు లీకైతే వెంటనే దానంతటదే పడిపోయే స్విచ్చి అది. రేటు చూసి వెనక్కి తగ్గకండి.

ఇంత జాగ్రత్త ఎందుకో చెప్తాను. 2024 జూలై 27న ఢిల్లీ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్ళు ముంచుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. చదువుకోడానికి కూర్చున్న పిల్లలు. ఆ తర్వాత రెండు నెలలు కూడా తిరక్కుండా, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ళు రోజుల తరబడి మునిగాయి. ఆ బుడమేరు నీళ్ళు చివరికి చేరేది మన కొల్లేటికే, కొల్లేటి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది నెమ్మదిగా లాగేలోపు మన వైపు కాలవలూ డ్రెయిన్లూ నిండుకుంటూ వస్తాయి. అందుకే మా గదికి రెండు తలుపులు ఎదురెదురుగా ఉన్నాయి, రెండూ బయటికి తెరుచుకుంటాయి. అలమరల్లో అడుగు అర ఖాళీ, సామానంతా మోకాలి ఎత్తు పైనే. వానలు గట్టిగా పడే రోజుల్లో గదికి తాళం, పిల్లలు పైనే. మా చెల్లి వాళ్ళకి కూడా లోపలికొచ్చే నీళ్ళు తోడెయ్యడానికి మోటారు పెట్టుకున్నారట, మనిషి పట్టేంత కిటికీ కూడా ఉండాలిట. నీళ్ళ భయం అందరికీ ఒకటేలా ఉంది.

కిటికీలకి దోమల మెష్, తలుపు కింద సందుల్లేకుండా రబ్బరు పట్టీలు, 4,200. ఆ పట్టీలు దోమలకి కాదు, పాములకి. చెక్క సామాను ఏమీ పెట్టలేదు, చెదలు. కొల్లేటి తుంగ చాపలు 1,100. పాత క్యారమ్ బోర్డూ, షటిల్ బ్యాట్లూ 1,500. మొత్తం 49,600 అయ్యింది, అందులో 2,600 నా తెలివికి కట్టిన ఫీజు.

బొమ్మలు కొనలేదు. నాపరాళ్ళు వేస్తున్నప్పుడు మేస్త్రిని బతిమాలి ఒక రాయి మీద పులీ మేకా గళ్ళు, ఇంకో రాయి మీద అష్టాచెమ్మా గళ్ళు చెక్కించాను. పాత గుళ్ళ మండపాల్లో రాళ్ళ మీద చూసే ఉంటారు, కాపలావాళ్ళో యాత్రికులో గీసుకున్నవి. ఒక పక్కన తొక్కుడుబిళ్ళ గళ్ళు పెయింటుతో వేశాం. బీఏలో ఉండగా అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు వరసపెట్టి ఉంటాయని మాస్టారు చెప్తే, పరీక్షకి రాదులే అని నోట్సు కూడా రాసుకోలేదు. ఇప్పుడు వెతుక్కుని చదివాను. సగం ఆటలు ఎలా ఆడతారో కూడా తెలియదు. పేర్లు మాత్రం నోరూరిస్తాయి.

వామన గుంటల పీట అత్తయ్యగారు అటక మీంచి తీయించారు. చింతపిక్కలు ఆవిడే ఏరారు. మధ్యాహ్నం పూట మా వీధి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, ముందు చూసిపోదామని వచ్చి, ఇప్పుడు రోజూ. నేను క్యారమ్స్ ఆడి ఇరవై ఏళ్ళయింది. రెడ్డు వేసి ఫాలో కూడా వేసిన రోజు, అన్నం కుక్కర్లో పెట్టడం మర్చిపోయాను. ఎవరూ చచ్చిపోలేదు, ఉప్మా తిన్నారు.

అన్నీ బాగున్నాయని చెప్తే అబద్ధం. ఊడ్చే గది ఒకటి నాకు పెరిగింది. ఆఖర్న ఆడినవాళ్ళే ఊడ్చాలని రూలు పెట్టాను. ఆఖర్న ఎవరాడారో ఇంతవరకూ తేలలేదు. అత్తయ్యగారు వామన గుంటలు ఆడతారు గానీ, మగపిల్లలు వస్తే పెద్దదాన్ని పైకి పిలిచేస్తారు. దాని మీద మా ఇద్దరికీ ఇంకా మాట పట్టింపే.

అంతకంటే గట్టిగా తగిలింది మా అమ్మాయి మాట. గది అయిన వారానికి ఇద్దరం చాప మీద కూర్చుని ఉంటే, "బావుందమ్మా. కానీ తమ్ముడికి ఇదీ ఉంది, వీధీ ఉంది కదా" అంది. కోపంగా కూడా అనలేదు. నేను అంత గొడవ పడి, చీటీ డబ్బులు పోసి, దానికి ఇంకో నాలుగ్గోడలు కట్టించానా అనిపించింది ఆ రాత్రి. అందుకే ఇలాంటి గది చేసుకోమని మీకు చెప్తూనే, ఒక్క మాట కలుపుతున్నాను. గది చేసి, ఇక ఆడపిల్లకి ఆట సమస్య తీరిందనుకోకండి. నేననుకున్నాను.

మర్నాడు సైకిలు షాపుకి పంపాను. రెండు ట్యూబులూ మార్చాలన్నాడు, 480. ఇప్పుడు వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆరింటికి అది సైకిలు మీద, నేను వెనకాల నడిచి, వంతెన దాకా. నన్ను చూసి వాళ్ళూ వీళ్ళూ "షుగరా అండీ?" అని అడుగుతున్నారు. అవునండీ అంటున్నాను, ప్రస్తుతానికి.

గోనెసంచుల వ్యాపారి మళ్ళీ అడిగాడట, అయిదు వేలకి వచ్చాడట. మా ఆయన నాకు చెప్పారు గానీ ఇమ్మనలేదు. నిన్న రాత్రి ఆయనా చిన్నాడూ పులీ మేకా ఆడుతూ పదకొండు దాకా పైకి రాలేదు. ఇంకా ఒక ఫ్యాను బిగించాలి. ఎలక్ట్రీషియన్ అబ్బాయి ఈ ఆదివారం వస్తానన్నాడు. ఇలా అనడం ఇది మూడో ఆదివారం.