జడ్జీల నియామకంలో సంఘాల మాట చెల్లుతుందా?

2003 జూలై మన సీనియర్ ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. సమ్మెకు దిగిన సుమారు 1.7 లక్షల మంది ఉద్యోగులను, ఉపాధ్యాయులను తమిళనాడు ప్రభుత్వం ఒక్క దెబ్బతో తొలగించింది. (అప్పటికి హోసూరు, కృష్ణగిరి కూడా మన ధర్మపురి జిల్లాలోనివే.) ఆగస్టు 6న సుప్రీంకోర్టు టి.కె.రంగరాజన్ కేసులో ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని తేల్చింది. చాలామంది క్షమాపణ రాసిచ్చి బడికి తిరిగొచ్చారు. తీర్పు గురించి ఎంతో మాట్లాడుకున్నాం కానీ, తీర్పు చెప్పేవారిని ఎవరు ఎంపిక చేస్తారని మాత్రం అడగలేదు.

అమెరికాలో సంఘాలు ఆ ప్రశ్న ఏనాడో అడిగాయి. సంఘంలో చేరబోమని కార్మికులతో రాయించుకునే ఒప్పందాలను జాన్ పార్కర్ అనే జడ్జి 1927లో సమర్థించారు. 1930లో ఆయనను అక్కడి సుప్రీంకోర్టుకు ప్రతిపాదించగా కార్మిక సమాఖ్య గట్టిగా వ్యతిరేకించింది. నల్లజాతి వారి సంఘం కూడా గొంతు కలిపింది. సెనేట్‌లో 39 ఓట్లు అనుకూలం, 41 వ్యతిరేకం. ప్రతిపాదన వీగిపోయింది.

ప్రతిసారీ అలా జరగదు. 2017లో నీల్ గోర్సచ్‌ను ఉపాధ్యాయ సంఘాలు సహా ఎన్నో సంఘాలు వ్యతిరేకించినా 54-45తో ఆయన నెగ్గారు. మరుసటి ఏడాది జానస్ కేసులో 5-4తో తీర్పు వచ్చింది: సభ్యులు కాని ప్రభుత్వోద్యోగుల నుంచి సంఘాలు రుసుము వసూలు చేయకూడదు. ఆ అయిదుగురిలో గోర్సచ్ ఒకరు. ఆ తీర్పు కొట్టేసిన 1977 నాటి తీర్పు డెట్రాయిట్ ఉపాధ్యాయుల కేసులోదే!

మన దగ్గర అలాంటి బహిరంగ విచారణే లేదు. కొలీజియం సిఫారసు చేస్తుంది, కేంద్రం ఆమోదిస్తుంది. 2023 ఫిబ్రవరిలో విక్టోరియా గౌరి నియామకాన్ని మద్రాసు హైకోర్టు న్యాయవాదులు కొందరు ఆమె పాత ప్రసంగాలు చూపి సవాలు చేశారు. అర్హతను పరిశీలించగలం గానీ తగినవారా కాదా అన్నది కాదంటూ, ఆమె ప్రమాణం చేసిన రోజే సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. అదే నెలలో మన పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఒక ఏడాది మినహాయింపు ఇచ్చిందీ ఆ కోర్టే.

ఓట్లతో జడ్జీలను తేల్చే అమెరికా పద్ధతి మనకు రావాలని మేం అనడం లేదు. అక్కడ అది పార్టీల కుస్తీ అయిపోయింది. కానీ సిఫారసుకు ముందే అభ్యంతరం రాసి పంపే దారి ఒకటైనా ఉండాలి. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తీర్మానాలు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. మద్రాసు హైకోర్టుకు సంబంధించినవైనా మన ఉపాధ్యాయ సంఘాలు చదివి, నెలవారీ సమావేశాల్లో చర్చించవచ్చు.