అరువు ఖాతాలో చిక్కిన టిఫిను హోటళ్ళు

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ మన పట్టణములలోని ఏ టిఫిను హోటలు వెనుక వాకిటికైనను పోయి నిలిచినచో, గ్రైండరు హోరు నడుమ, ఇడ్లీ పాత్రల ఆవిరికి తడిసి అంచులు ముడుతపడి, గోడమేకునకు వ్రేలాడుచున్న ఒక చిన్న పుస్తకము కంటబడును. అది కిరాణా షావుకారు ఇచ్చిన అరువు పుస్తకము. మినపగుళ్ళు ఒక బస్తా, ఇడ్లీ రవ్వ రెండు బస్తాలు, పామాయిలు డబ్బాలు నాలుగు, కందిపప్పు, చింతపండు, ఎండుమిరప అని సరుకుల పేర్లు అందులో వరుసగా నుండును. చివర మొత్తమును, దాని క్రింద పాత బాకీయు నుండును. ఏ సరుకు కిలో ఏ ధరకు వేసినారో మాత్రము చాలచోట్ల వ్రాసియుండదు. యజమాని అడుగడు. పాత బాకీ తీరనివాడు కొత్త ధర నడుగుటకు మొగమాటపడును.

చిన్న హోటళ్ళవారు ఏకమై సరుకులు కొన్నచో ఖర్చు తగ్గునను మాట ఆ వృత్తిలోనివారి నోట తఱచుగా వినబడుచున్నది. ఆ మాట సత్యమే. అయితే, ఎక్కువ కొన్నవానికి తక్కువ ధర వచ్చునను ఒక్క సూత్రమునే నమ్ముకొని బయలుదేరినవారికి ఆ ఫలము నిలువదు. కొన్నియేండ్ల క్రిందట మా పట్టణములో 8 మంది హోటలు యజమానులు కూడబలుకుకొని, ఒక టోకు వ్యాపారితో బేరమాడి, నూనె డబ్బాకు చెప్పుకోదగిన తగ్గింపు సంపాదించిరి. సరుకు వచ్చినది, పంచుకొనిరి. పదునైదు దినముల గడువు ముగియునప్పటికి ముగ్గురు సొమ్ము తేలేదు. పూచీపడిన పెద్దమనిషి తన చేతిసొమ్ము కట్టి, ఆ తరువాత ఆ మువ్వురితోను మాటలాడుట మానెను. రెండవ లోడు రాలేదు. ఆ ముగ్గురును దుర్మార్గులు కారు. వారి గల్లాపెట్టెలో పడిన రొక్కము పడినట్లే పాత షావుకారు బాకీకి జమయైపోయినది. చిన్న హోటలు కష్టము యావత్తు ఈ ఒక్క సంఘటనలో ఇమిడియున్నదని నా నిశ్చితాభిప్రాయము.

కొనుగోలు ఖర్చు ఈ వృత్తికి ఇంత ప్రాణసంకటమగుటకు పన్ను విధానము కూడ ఒక కారణము. 2017 నవంబరు 15 నుండి సాధారణ హోటళ్ళ భోజన ఫలహారములపై జీఎస్టీ 5 శాతముగా నిర్ణయింపబడినది; దానితోపాటు, సరుకులపైన, అద్దెపైన, యంత్రములపైన తాము కట్టిన పన్నును తిరిగి జమకట్టుకొను హక్కు తొలగింపబడినది. 19 కిలోల వాణిజ్య సిలిండరుపై కట్టు 18 శాతము పన్ను గాని, నూనెపై కట్టు 5 శాతము గాని యజమాని నెత్తినే నిలిచిపోవును. అందుచేత కొనుగోలులో మిగిలిన ప్రతి రూపాయియు, దానిపై పడు పన్నుతో సహా, అతనికి మిగులు. అద్దె తగ్గించుట అతని చేతిలో లేదు; పనివారి కూలి తగ్గించుట ధర్మము కాదు, సాధ్యమును కాదు. దోసె ధర పెంచినచో ఎదుటి హోటలు కాచుకొనియున్నది. ఇక చేయిపెట్టదగినది సరుకు ఒక్కటే.

ఆ సరుకు ధరలో ఏమేమి కలసియున్నవో విడదీసి చూడవలెను. పరిమాణము వలన తగ్గునది కొంత. నూనె, పప్పుల వ్యాపారములో టోకు వర్తకుని లాభము స్వల్పము గనుక, పది హోటళ్ళు కలసి అడిగినను అతడు వదలుకోగలిగినది కొద్దియే. తూకము, నాణ్యములందు పోవునది మఱికొంత. అన్నింటికన్న బరువైనది అరువు. ఉదాహరణకొక లెక్క వేసికొందము. రొక్కమునకు 100 రూపాయలకిచ్చు సరుకును పదునైదు దినముల అరువుమీద 102 రూపాయలకు వేసిరనుకొందము. రెండు రూపాయలే గదా యని తోచును. కాని ఆ సొమ్ము ఏడాదిలో 24 మారులు తిరుగును. అనగా ఆ యజమాని తనకు తెలియకయే నూటికి 48 రూపాయల వార్షిక వడ్డీ మోయుచున్నాడు. అంత వడ్డీకి ప్రామిసరీ నోటు వ్రాయుమన్నచో ఎవ్వడును సంతకము పెట్టడు. అదే వడ్డీ మినపగుళ్ళ ధరలో కరగి వచ్చినప్పుడు మాఱుమాటాడక చెల్లించుచున్నాడు.

ఇందు షావుకారును దోషిగా నిలుపుట న్యాయము కాదు. 2020 మార్చిలో దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడి హోటళ్ళు మూతపడిన దినములలో, పాత బాకీలను నెలలతరబడి కదపక, తలుపులు తెఱచిననాడు మఱల బస్తాలు పంపినవారు ఆ షావుకారులే. అరువిచ్చువాడు మునుగు బాకీలను కూడ లెక్కవేసికొనును. సకాలములో కట్టువాడు, కట్టనివాని నష్టమును ధరలో పంచుకొనుచున్నాడు. అయినను, కష్టకాలమున ఆదుకొన్న షావుకారును విడిచి ఒక్కసారిగా పోవుటకు ఎవరికిని మనసొప్పదు, ఒప్పరాదు కూడ. పాత బాకీని గౌరవముగా తీర్చివేయు మార్గము చూపని సామూహిక కొనుగోలు పథకమేదియు నిలువజాలదని నేను చెప్పుటకు ఇదియే హేతువు.

సహకారోద్యమ చరిత్ర ఈ విషయమున స్పష్టమైన సాక్ష్యమిచ్చుచున్నది. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలైన 28 మంది సామాన్యులు, గోధుమపిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి వంటి కొద్ది సరుకులతో ఒక అంగడి తెఱచిరి. అరువు ఇచ్చుట లేదు, పుచ్చుకొనుట లేదు అనునది వారి మూల నియమములలో నొకటి. సరియైన తూకము, కల్తీలేని సరుకు అనునవి తక్కినవి. మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ నిష్పత్తిలో పంచుకొనిరి. అంతకు ముందు పుట్టిన సహకార దుకాణములు పెక్కు అరువులలో మునిగిపోవుట వారెఱుగుదురు. 1898లో బెర్లినులో 21 మంది చిన్న వర్తకులు ఒక ఉమ్మడి కొనుగోలు సంఘము కట్టిరి. ఆ సంఘపు పేరులోని పొడి అక్షరములనుండియే నేడు జర్మనీ కిరాణా వ్యాపారములో అగ్రగామియైన ఎడెకా అను పేరు పుట్టినది. అంతదూరము పోనేల? మన ముల్కనూరులో 1956లో వెలసిన సహకార గ్రామీణ బ్యాంకు రైతునకు అప్పును, ఎరువును, విత్తనమును, పంట అమ్మకమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది. అప్పును విడిచి ఎరువు మాత్రమే అమ్మియున్నచో ఆ రైతులు పాత వడ్డీవ్యాపారి గడపనే త్రొక్కుచుండెడివారు. హోటలువారికిని వలసినది ఈ జోడింపే.

వారికి పరస్పర విశ్వాసము లేదను మాట నేనంగీకరింపను. ఏ పట్టణములోనైనను హోటలు యజమానులు తమలో తాము చీటీలు వేసికొనని వీథి అరుదు. నెలనెల తప్పక చీటీ కట్టువాడు సరుకు సొమ్ము కట్టలేడనుట సబబు కాదు. చీటీకి ముందు సొమ్ము కట్టి తరువాత పాడుకొనును. సరుకునకు ముందు పుచ్చుకొని తరువాత కట్టును. భేదమంతయు ఆ వరుసలోనున్నది. కావున సంఘమేర్పడిన తొలి ఆఱు మాసములు సరుకు కొనరాదు. ప్రతి సభ్యుడును దినదినము గల్లానుండి ఒక నియమిత మొత్తమును పొదుపు చేయవలెను. ఆ నిధినుండి, ఎవని అరువు అన్నింటికన్న బరువైనదో వానికి మొదట అప్పిచ్చి, షావుకారు ఖాతాను చెల్లు వేయించవలెను. ఆ పిదప వారము వారము ముందుగా రొక్కము జమచేసినవానికే ఆ వారపు సరుకు. ఈ కట్టడి కఠినమైనది. దీనిని సడలించిన సంఘము రెండవ లోడు చూడదు.

ఇట్టి సంఘమునకు చట్టబద్ధమైన ఆధారము మనకున్నది. ప్రభుత్వ వాటాధనము లేకయే సభ్యులు తామే నడుపుకొనుటకు, సభ్యుల పొదుపు స్వీకరించి సభ్యులకే అప్పిచ్చుటకు వీలు కల్పించు పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును దేశములో మొట్టమొదట తెచ్చినది 1995లో ఆంధ్రప్రదేశ్. విభజనానంతరము ఉభయ రాష్ట్రములలోను అది కలదు. జీఎస్టీ విషయమున మాత్రము జాగ్రత్త వలయును. సంఘమును, సభ్యుడును వేర్వేరు వ్యక్తులేయని 2021 నాటి ఆర్థిక చట్టము 2017 జూలై 1 నుండి వర్తించునట్లుగా నిర్ణయించినది; కావున సంఘము సరుకు కొని సభ్యులకు అమ్మినను, రుసుము తీసికొన్నను అది పన్నుకు లోబడు వ్యవహారమగును, సభ్యునికి ఆ పన్ను తిరిగిరాదు. సంఘము ధరను, నాణ్యమును కుదిర్చి, మిల్లువారు ప్రతి హోటలు పేర వేర్వేరు బిల్లులిచ్చునట్లు చేయుట మేలు. ఇంకొక హెచ్చరిక: కలసి కొనుటకు కూడినవారు ఆ కూటములోనే దోసె ధరను కూడ నిర్ణయింపబూనినచో 2002 నాటి కాంపిటీషన్ చట్టము ఊరకుండదు, తినువానికి అన్యాయమును గూడ జరుగును.

ఇక ఏ సరుకుతో ఆరంభింపవలెను? ఒక్కదానితో. అన్ని సరుకులను ఒకేమారు చేపట్టినచో ప్రతి వంటమాస్టరు అభిరుచియు ఒక తగవగును. నూనెను చూడుడు. బజారులో 15 కిలోల డబ్బాయు, 15 లీటర్ల డబ్బాయు ప్రక్కప్రక్కనే కూర్చుండును, చూపునకు ఒక్కటే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును గనుక, లీటర్ల డబ్బాలో నుండునది 13 కిలోల 650 గ్రాములు మాత్రమే. డబ్బా ధరలను పోల్చి తక్కువకు వచ్చినదని సంతోషించిన యజమాని కిలో మూడువందల ఏబది గ్రాముల నూనెను లెక్కలో పోగొట్టుకొనుచున్నాడు. బియ్యము సంగతియు అట్టిదే. 2022 జూలై 18 నుండి, ముందుగా కట్టి ముద్రవేసిన 25 కిలోలవరకు గల బియ్యము, పప్పుల సంచులపై 5 శాతము జీఎస్టీ విధింపబడినది, అంతకు మించిన సంచిపై లేదు. అంగళ్ళలో 26 కిలోల బియ్యపు సంచులు ప్రత్యక్షమగుటకు కారణమదియే. ఈ చిన్న సంగతి తెలియక చిన్న సంచులు కొనువారు నేటికిని కలరు.

మినపగుళ్ళ విషయములో ధరకన్న ఒదుగు ముఖ్యము. కిలో పప్పునకు పిండి ఎంత ఒదిగినది, ఆ పిండికి ఇడ్లీలెన్ని వచ్చినవి అనునదే అసలు ధర. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరికోత తరువాత మాగాణిలో పండు మినుములు మన చేరువనే యున్నవి. మిల్లునుండి మూడు రకముల నమూనాలు తెప్పించి, ఒక్కొక్క కిలో సమానకాలము నానబెట్టి, ఒకే గ్రైండరులో రుబ్బి, మాస్టర్లందఱి ఎదుట గిన్నెలతో కొలిచి, అదే రవ్వ కలిపి, పొంగిన తరువాత ఇడ్లీలు లెక్కించి చూడవలెను. ఒక్కడు ఈ పరీక్ష చేయుటకు తీరికయుండదు. పదిమంది కలిసినప్పుడు ఒక్కపూట చాలును. మాస్టరు తన చేతితో కొలిచి ఒప్పుకొన్న పప్పు విషయమున ఆపై వంటయింట గొడవ రాదు. ఆ పూట మాస్టర్లను దూరముగా నుంచి యజమానులే నిర్ణయించుట పెద్ద పొరపాటు.

మన ఇండ్లలో పూర్వము పెద్దవారు ఏడాది గ్రాసము పోసికొనెడివారు: కొత్త చింతపండు, కొత్త మిరపకాయలు, కందిపప్పు వచ్చిన ఋతువునందే కొని, ఎండబెట్టి, జాడీలకు, గాదెలకు చేర్చెడివారు. ఏ గృహిణియు ఆషాఢములో చింతపండు బేరమాడెడిది కాదు. నేటి హోటలు వారమునకు వలసినదే కొనుచు, ఋతువు గడచిన ధరను ఏడాదంతయు చెల్లించుచున్నది, ఏలయన నిలువచేయు చోటును లేదు, సొమ్మును లేదు. గుంటూరు మిర్చియార్డుకు సరుకు ముమ్మరముగా వచ్చు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మాసములలో, ఇరువది హోటళ్ళకు ఏడాదికి సరిపడు మిరపను కొని, అక్కడి శీతల గిడ్డంగిలో ఉమ్మడిగా నిలువచేయుట సంఘమునకు సాధ్యము, చింతపండునకును అంతే. ధర ప్రతి ఏటను పెరుగునను భరోసా లేదు గనుక అవసరములో సగమునకు మించి ఇట్లు కొనరాదని నా సలహా. పప్పుల విషయమున ప్రభుత్వపు ఆంక్షలను గమనింపవలెను: 2023 జూన్ 2న కంది, మినుములపై విధించిన పరిమితి అప్పట్లో టోకు వర్తకునికి ఒక్కొక్క పప్పు 200 టన్నులుగా, చిల్లర వర్తకునికి 5 టన్నులుగా నుండెను.

కూరగాయలు, పాలు, కొత్తిమీర, కరివేపాకు జోలికి సంఘము పోకుండుటయే క్షేమము. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 200 రూపాయల అంచును తాకినప్పుడు ఏ సంఘమైనను చేయగలిగినది లేదు. ఆ దినములలో టమాటా చట్నీ మాని అల్లపుచట్నీ వడ్డించిన హోటలే తెలివైనది.

కొనుగోలులో కూడినవారు అమ్మకములో గూడ కూడవలసిన వస్తువు ఒకటి కలదు. వేచిన నూనెలో మొత్తము పోలార్ పదార్థములు 25 శాతము మించరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ విధించిన నిబంధన 2018 జూలై 1 నుండి అమలులోనున్నది. మాడిన నూనెను సేకరించి బయోడీజిలుకు పంపు రూకో పథకమును ఆ ఏడాదియే ఆరంభించినది. ఒక్క హోటలులో దినమునకు మిగులు రెండు మూడు లీటర్లకొఱకు సేకరణ వాహనము వీథిలోనికి రాదు. కావుననే ఆ నూనె మఱునాటి మూకుడులోనికో, ఎవరో సైకిలుమీద వచ్చి కొనిపోవు డబ్బాలోనికో చేరుచున్నది. ఇరువది హోటళ్ళ నూనె ఒక్కచోట చేరినచో వాహనము వచ్చును, తూకము వేసి సొమ్మిచ్చును. కొత్త నూనె డబ్బాలు దించిన బండిలోనే పాత నూనె డబ్బాలను ఎక్కించి పంపవచ్చును. ఆ సొమ్మును ఎవ్వరును ఇంటికి తీసికొనిపోక, షావుకారు బాకీ ఇంకను తీరని సభ్యుని పేర నిధిలో జమవేయవలెను.